విశాఖ నుంచి జాతీయ భద్రత నాయకత్వ కోర్సుకు వెళ్లడం ఎలా?

నేవల్ డాక్‌యార్డులో పనిచేసే సివిలియన్ అధికారి, నౌకాదళ పరిశోధనలు చేసే ఎన్‌ఎస్‌టీఎల్ ప్రయోగశాల శాస్త్రవేత్త, హిందుస్థాన్ షిప్‌యార్డు మేనేజరు, పోర్టులో భద్రత వ్యవహారాలు చూసే ఉద్యోగి, మెరైన్ పోలీసు స్టేషన్లను పర్యవేక్షించే డీఎస్పీ, వీరంతా నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. రక్షణ, జాతీయ భద్రత రంగంలో పై స్థాయి బాధ్యతలకు తయారు చేసే విశ్వవిద్యాలయ కోర్సులు ఉన్నాయట, వాటిలో చేరడం ఎలా అని. కోర్సు పేరు అడుగుతారు, ఫీజు అడుగుతారు, సర్టిఫికెట్టు మీద ఎవరి సంతకం ఉంటుందో అడుగుతారు. అనుమతి సంగతి మాత్రం ఎవరూ అడగరు. నేను చూసినంతలో దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. అందుకే ఈ వివరణలో అనుమతికీ, అంతకుముందు రాసుకోవలసిన అర పేజీ సమస్యా వివరణకూ ఎక్కువ చోటు ఇచ్చాను.

ఒక్క మాటలో చెప్పాలంటే, ఎగ్జిక్యూటివ్ ఎడ్యుకేషన్ అని పిలిచే ఈ కోర్సు డిగ్రీ చదువు కాదు. ఉద్యోగంలో ఉన్నవారిని కొన్ని రోజులో కొన్ని వారాలో ఒకచోట కూర్చోబెట్టి, నిజంగా జరిగిన సంక్షోభాలను వారి ముందు పెట్టి, నిర్ణయం తీసుకోవడం నేర్పే పద్ధతి ఇది. ఏడాది పొడవునా సాగే రక్షణ కళాశాలల కోర్సులు దీనికి పెద్దన్నల వంటివి. రెండింటి గమ్యం ఒకటే అయినా, చేరే దారులు పూర్తిగా వేరు.

ఏమేమి కావాలి

- కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలల వ్యవధి. కోర్సు రెండు వారాలదే కావచ్చు, ఫైలు కదలడానికి మాత్రం నెలలు పడుతుంది.
- మీరు ఇంతవరకు చేసిన బాధ్యతల సారాంశం, ఒక్క పేజీలో. పోస్టుల పేర్లు, కాలం, మీ కింద పనిచేసినవారి సంఖ్య, మీరు తీసుకున్న నిర్ణయాల స్వభావం ఉంటే చాలు.
- మీ పనిలో ఇంకా తెగని ఒక సమస్య, అర పేజీలో. రహస్యమేదీ అందులో ఉండకూడదు.
- మీ దరఖాస్తుకు నోట్ మీద అనుకూలంగా రాయడానికి ముందే ఒప్పుకున్న పై అధికారి.
- విదేశీ కోర్సు అయితే, తిరుగు ప్రయాణం తేదీ తర్వాత కూడా కనీసం ఆరు నెలలు చెల్లే పాస్‌పోర్టు. మర్రిపాలెంలోని పాస్‌పోర్టు కార్యాలయంలో పని ఉంటే దాన్ని మొదటి వారంలోనే ముగించుకోండి.
- ఫీజు, పన్ను, ప్రయాణం, బస ఖర్చులను ఎవరు భరిస్తారన్న దానికి రాతపూర్వకమైన జవాబు.

1. మీది ఏ దారో ముందు తేల్చుకోండి

దారులు మూడున్నాయి. ఒక దారిలో వెళ్లవలసినవారు మరో దారిలో దరఖాస్తు పంపి నెలల తరబడి జవాబు కోసం ఎదురుచూడడం తరచుగా జరిగే తప్పు.

మొదటిది నామినేషన్ దారి. న్యూఢిల్లీలో 1960లో మొదలైన నేషనల్ డిఫెన్స్ కాలేజీలో 47 వారాల కోర్సు నడుస్తుంది. నౌకాదళంలో కమడోర్, సైన్యంలో బ్రిగేడియర్ స్థాయి అధికారులు, సివిల్ సర్వీసుల సీనియర్ అధికారులు, మిత్రదేశాల నుంచి వచ్చిన అధికారులు అక్కడ ఒకే తరగతిలో కూర్చుంటారు. సికింద్రాబాదులో 1970లో ఏర్పడిన కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్, గోవాలోని నేవల్ వార్ కాలేజీ, నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉన్న డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీ ఈ కోవకే చెందుతాయి. విశ్వవిద్యాలయాల ముద్ర వీటికీ ఉంది: సికింద్రాబాదు కళాశాలకు ఉస్మానియాతోను, వెల్లింగ్టన్ కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయంతోను అనుబంధం ఉంది. కార్గిల్ యుద్ధం తర్వాత వచ్చిన సిఫారసుల వెలుగులో ముస్సోరీలోని ఐఏఎస్ శిక్షణ అకాడమీ 2001 నుంచి నడుపుతున్న పౌర–సైనిక సంయుక్త కార్యక్రమం కూడా నామినేషన్ మీదే నడుస్తుంది. వీటికి మీరు డౌన్‌లోడ్ చేసుకుని నింపే ఫారం ఉండదు. మీ దళమో, మీ కేడర్ చూసే శాఖో మిమ్మల్ని పంపాలి. మీరు చేయగలిగింది, వార్షిక పనితీరు నివేదికలు అసంపూర్ణంగా లేకుండా చూసుకోవడం, నామినేషన్లు కోరుతూ సర్క్యులర్ వచ్చే నెల ఏదో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో కనుక్కుని, అంతకుముందే మీ ఆసక్తిని రాతపూర్వకంగా తెలియజేయడం.

రెండోది, ఎవరైనా దరఖాస్తు చేయగలిగినా యాజమాన్యం అనుమతి తప్పనిసరి అయిన దారి. విశ్వవిద్యాలయాలు, మేనేజ్‌మెంట్ సంస్థలు నడిపే స్వల్పకాలిక కార్యక్రమాలు ఇక్కడికి వస్తాయి. గాంధీనగర్ సమీపంలోని రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థ అయింది. పోలీసు, అంతర్గత భద్రత వైపు పనిచేసేవారు ముందుగా చూడవలసిన చోటు అదే. విదేశాల్లో హార్వర్డ్ కెనెడీ స్కూల్ జాతీయ, అంతర్జాతీయ భద్రత రంగంలోని సీనియర్ అధికారుల కోసం ప్రత్యేక కార్యక్రమం నడుపుతుంది. సింగపూర్‌లోని ఎస్. రాజరత్నం స్కూల్, లండన్ కింగ్స్ కాలేజీలోని వార్ స్టడీస్ విభాగం కూడా ఈ రంగంలో పేరున్నవి.

మూడోది ఆహ్వానం దారి. హోనొలులూలోని ఆసియా పసిఫిక్ భద్రతా అధ్యయన కేంద్రం, వాషింగ్టన్‌లో దక్షిణాసియా, పశ్చిమాసియా వ్యవహారాలు చూసే ఇలాంటి కేంద్రం అమెరికా రక్షణ శాఖకు చెందినవి. వీటికి పేర్లు రాయబార కార్యాలయం, మన ప్రభుత్వం మధ్య నడిచే ప్రక్రియలో ఖరారవుతాయి. ఉద్యోగంలో ఉండగా మీరే నేరుగా ఉత్తరం రాయకండి. ఎంపికకు అది ఉపయోగపడదు సరికదా, విదేశీ రక్షణ సంస్థతో ఎందుకు సంప్రదించారని సంజాయిషీ ఇచ్చుకోవలసి రావచ్చు.

ఈ మెట్టు పూర్తయిందని తెలుసుకోవడం సులువు. "నన్ను పంపేది ఎవరు, సంతకం పెట్టేది ఎవరు" అన్న దానికి పేరుతో కాకపోయినా హోదాతో జవాబు రాయగలగాలి. రాయలేకపోతే రెండో మెట్టుకు వెళ్లకండి.

2. కోర్సును మీ బల్ల మీది పనితో పోల్చి ఎంచుకోండి

బ్రోచరు మొదటి పేజీ కాకుండా రోజువారీ టైమ్‌టేబుల్ అడిగి తెప్పించుకోండి. రోజుకు ఎన్ని గంటలు ఉపన్యాసం, ఎన్ని గంటలు సిండికేట్ (చిన్న బృందాల) చర్చ, టేబుల్ టాప్ అభ్యాసం (ఊహించిన సంక్షోభాన్ని బల్ల చుట్టూ కూర్చుని నడపడం) ఉందా, రాతపని ఉందా అని చూడండి. ఉపన్యాసాలే మూడు వంతులు ఉంటే ఆ సరుకును ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. కిందటి బృందంలో ఏయే శాఖలవారు వచ్చారో కూడా అడగండి. ఇలాంటి తరగతుల్లో సగం చదువు పక్క కుర్చీలో కూర్చున్నవారి దగ్గరే దొరుకుతుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. పునరావాస డైరెక్టరేట్ జనరల్ వివిధ ఐఐఎంలలో నడిపించే ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సు, దళాల నుంచి విరమించబోయే అధికారులను కార్పొరేట్ ఉద్యోగాలకు సిద్ధం చేయడానికి ఉద్దేశించింది. అది మంచి కోర్సే అయినా జాతీయ భద్రత కోర్సు మాత్రం కాదు. ఈ రెండింటినీ కలిపేసి దరఖాస్తు రాసినవారిని నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. ఇక రెండోది, పెద్ద విశ్వవిద్యాలయం పేరు పెద్ద అక్షరాల్లోను, అసలు కోర్సు నడిపే ప్రైవేటు సంస్థ పేరు చీమ తలకాయంత అక్షరాల్లోను ఉండే ఆన్‌లైన్ ప్రకటనలు. సర్టిఫికెట్టు ఎవరు ఇస్తారు, బోధించేది ఆ విశ్వవిద్యాలయ అధ్యాపకులేనా అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

ఊరు విడిచి వెళ్లలేనివారు విశాఖలోనే వెతకవచ్చు. గంభీరంలోని ఐఐఎంలో నాయకత్వం, సంప్రదింపులు, ప్రాజెక్టు నిర్వహణ వంటి విషయాల మీద స్వల్పకాలిక తరగతుల కోసం చూడండి. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ ప్రాంగణం సముద్ర చట్టం, ఓడరేవుల వ్యవహారాల్లో ఆసక్తి ఉన్నవారికి దగ్గర దారి. షిప్‌యార్డులో కాంట్రాక్టులు చూసే మేనేజరుకు ప్రపంచ రాజకీయాల మీద రెండు వారాల కోర్సు కంటే రక్షణ కొనుగోళ్ల విధానాన్ని క్షుణ్ణంగా చర్చించే మూడు రోజుల తరగతి ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. పేరుకు చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ ఎంచుకోరు.

3. అర పేజీ సమస్యా వివరణ రాయండి

దరఖాస్తులో అసలు ప్రాణం ఇక్కడే ఉంటుంది. ఎంపిక చేసేవారి ముందు పతకాలు, ప్రశంసాపత్రాలు ఉన్నవారు వరుసలో చాలామంది ఉంటారు. ఏ నిర్ణయం దగ్గర తాము ఆగిపోయారో స్పష్టంగా చెప్పగలిగేవారు తక్కువ.

సాధారణంగా నా దగ్గరకు వచ్చే ముసాయిదా ఇలా ఉంటుంది: "దేశసేవే పరమావధిగా పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న నేను, మారుతున్న అంతర్జాతీయ పరిస్థితులకు అనుగుణంగా నా నాయకత్వ లక్షణాలను మెరుగుపరచుకోదలచాను." ఇందులో తప్పు లేదు, విషయమూ లేదు. ఈ వాక్యం కింద ఎవరి సంతకం పెట్టినా సరిపోతుంది.

దీనికి బదులు, తీర భద్రత చూసే ఒక అధికారి ఇలా రాశారని ఊహించండి: "2008 ముంబయి దాడుల తర్వాత 20 మీటర్లకు మించిన పడవలకు ఉనికిని తెలిపే ఏఐఎస్ పరికరం తప్పనిసరి అయింది. అంతకంటే చిన్న పడవలతో నిండిన హార్బరు నా పరిధిలో ఉంది. మత్స్యశాఖ, మెరైన్ పోలీసు, కోస్ట్ గార్డు, నౌకాదళం నాలుగూ ఆ పడవలను గమనిస్తాయి. వేటకు వెళ్లిన పడవ గడువు దాటినా తిరిగి రాకపోతే దాన్ని ప్రమాదంగా చూడాలా, భద్రతా సమస్యగా చూడాలా అన్నది తొలి గంటలో ఎవరు నిర్ణయించాలి? మత్స్యకారుల నమ్మకం పోగొట్టుకోకుండా ఆ నిర్ణయాన్ని ఎలా అమలు చేయాలి?" ఈ నాలుగైదు వాక్యాల్లో రహస్యం ఒక్కటీ లేదు. అయినా రాసిన మనిషి ఎవరో, ఏ కుర్చీలో కూర్చుని ఆలోచిస్తున్నాడో తెలిసిపోతుంది.

మీ సమస్యను ఎంచుకోవడానికి ఈ క్రమం పాటించండి. గత రెండేళ్లలో మీరు వాయిదా వేసిన, లేదా పై వారికి నెట్టేసిన మూడు నిర్ణయాలు రాసుకోండి. వాటిలో మీ శాఖ ఒక్కటే తీర్చలేని, మరో రెండు సంస్థల సహకారం అవసరమైన దాన్ని ఉంచి మిగతావి కొట్టేయండి. ఆ తర్వాత దాన్ని ముందు తెలుగులో రాయండి. దరఖాస్తు ఇంగ్లీషులోనే పంపాలి, నిజమే. కానీ ఇంగ్లీషులో మొదలుపెడితే బరువైన పదాల వెనక ఆలోచన దాక్కుంటుంది. తెలుగులో రాసినదాన్ని మీ పనితో సంబంధం లేని ఇంట్లోవారికి చదివి వినిపించండి. "అయితే ఇప్పుడు ఎవరు చేస్తున్నారు ఆ పని?" అని వారు ఎదురు ప్రశ్న వేస్తే వివరణ పండినట్లు. "బాగుంది" అని లేచి వెళ్లిపోతే మళ్లీ రాయాలి.

గోప్యతకు ఒక కచ్చితమైన పరీక్ష ఉంది. ప్రతి వాక్యం పక్కన, ఆ సమాచారాన్ని ప్రభుత్వమే ఎక్కడ బయటపెట్టిందో పెన్సిలుతో రాయండి: పార్లమెంటులో ఇచ్చిన సమాధానం, పత్రికా సమాచార కార్యాలయ ప్రకటన, కాగ్ నివేదిక, గెజిట్. ఆధారం రాయలేని వాక్యాన్ని నిస్సంకోచంగా తీసేయండి. పేపర్లో వచ్చింది కదా అన్న సమాధానం ఇక్కడ చెల్లదు. విలేఖరి ఊహించి రాసినదాన్ని, ఆ విషయం అధికారికంగా తెలిసిన మీరు మళ్లీ రాస్తే అది ధ్రువీకరణ అవుతుంది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రక్షణ శాఖవారికే కాదు, అందరికీ వర్తిస్తుంది. ఓడల పేర్లు, మరమ్మతుల తేదీలు, పరీక్షల ఫలితాలు, యూనిట్ బలాలు, మీ ప్రయోగశాలలో నడుస్తున్న ప్రాజెక్టుల పేర్లు సారాంశంలో కూడా ఉండకూడదు. "నీటి అడుగు వ్యవస్థల రంగంలో పన్నెండేళ్ల అనుభవం" అంటే చాలు.

4. అనుమతి ఫైలు నడపండి

ఎంపిక లేఖ వచ్చాక అనుమతి అడుగుదామనుకోవడం అన్ని తప్పుల్లోకీ ఖరీదైనది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అనుమతి రాకముందే విమానం టిక్కెట్లు కొని, ఫీజు మొదటి వాయిదా కట్టి, చివరికి రెండూ పోగొట్టుకున్న ఒక మిత్రుడు నాకున్నాడు. ఆయన ఫైలు నిరాకరణకు కూడా గురికాలేదు. వివరణ కోరుతూ రెండుసార్లు వెనక్కి వచ్చి, కోర్సు మొదలైన వారానికి ఆమోదం పొందింది.

ఫైలు ఇలా నడపండి. మొదట మీ పై అధికారితో నోటిమాటగా మాట్లాడి, మీరు లేని రోజుల్లో పని ఎవరు చూస్తారో ఆయన అడగకముందే చెప్పండి. తర్వాత త్రూ ప్రాపర్ చానెల్ దరఖాస్తు చేయడానికి అనుమతి కోరుతూ లేఖ పెట్టండి. దానితో కోర్సు టైమ్‌టేబుల్, ఖర్చుల పట్టిక, పైన రాసిన సమస్యా వివరణ, మీ పనికీ కోర్సుకూ గల సంబంధాన్ని తెలిపే ఒక పేరా జతచేయండి. విజిలెన్స్ క్లియరెన్స్ అవసరమైతే దాన్ని అదే లేఖలో కోరండి. విడిగా కోరితే మరో ఫైలు పుడుతుంది. ఎంపికయ్యాక, వెళ్లడానికి విడిగా రెండో అనుమతి అవసరమవుతుందని మొదటి లేఖలోనే పేర్కొంటే తర్వాత పని తేలికవుతుంది.

సెలవు విషయంలో మీరు ఏ పద్దు కింద వెళ్తున్నారో ఆదేశంలో స్పష్టంగా ఉండాలి. కార్యాలయం పంపిస్తే శిక్షణగా, మీరే వెళ్తే ఆర్జిత సెలవుగా, దీర్ఘకాలిక కోర్సు అయితే స్టడీ లీవుగా చూపవచ్చు. కేంద్ర ప్రభుత్వ సివిలియన్ ఉద్యోగులకు వర్తించే 1972 సెలవు నిబంధనల ప్రకారం స్టడీ లీవుకు అయిదేళ్ల సర్వీసు ఉండాలి. సాధారణంగా ఒకసారికి 12 నెలలు, మొత్తం సర్వీసులో 24 నెలలు మించకూడదు. తిరిగి వచ్చాక మూడేళ్లు పనిచేస్తానని బాండు రాయాలి. చదివే విషయానికి మీ విధులతో దగ్గరి సంబంధం ఉండాలన్నది అసలు మెలిక. సైనిక అధికారులకు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, ప్రభుత్వ రంగ సంస్థలవారికి నిబంధనలు వేరు కాబట్టి, ఈ అంకెలను వారు తమ ఫైళ్లలో ఉటంకించకూడదు.

విదేశీ కోర్సుకు మరో గండం ఉంది. విశ్వవిద్యాలయమో విదేశీ ప్రభుత్వమో మీ బస, భోజనం, ప్రయాణం ఖర్చు భరిస్తానంటే, చట్టం దృష్టిలో అది విదేశీ ఆతిథ్యం. 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టంలోని ఆరో సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగులు దాన్ని స్వీకరించే ముందు కేంద్ర ప్రభుత్వం నుంచి ముందస్తు అనుమతి పొందాలి. ఈ నియమం ప్రభుత్వ ఆధీనంలోని సంస్థల ఉద్యోగులకూ వర్తిస్తుందన్న సంగతి షిప్‌యార్డు, పోర్టు, భారత్ డైనమిక్స్ వంటి చోట్ల పనిచేసేవారిలో చాలామందికి తెలియదు. స్కాలర్‌షిప్ వచ్చిందన్న సంతోషంలో అంగీకార లేఖ పంపేశాక దీన్ని గుర్తు తెచ్చుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ప్రైవేటు రంగంలో ఉండి దళాలకు సామగ్రి సరఫరా చేసే కంపెనీల ఇంజినీర్లకు ఈ ఫైళ్ల బాధ లేకపోయినా మరొకటి ఉంది. కంపెనీతో రాసుకున్న గోప్యతా ఒప్పందం ఒకవైపు, సాంకేతిక పరిజ్ఞాన ఎగుమతిని నియంత్రించే స్కోమెట్ జాబితా మరోవైపు కాపలా ఉంటాయి. విదేశీ తరగతి గదిలో స్లైడ్ చూపించడం కూడా పరిజ్ఞానాన్ని దేశం దాటించడమే కావచ్చు. కంపెనీ న్యాయ విభాగం నుంచి రాతపూర్వకంగా ఎన్‌ఓసీ తీసుకోండి.

ఈ మెట్టు సవ్యంగా పూర్తయిందంటే మీ చేతిలో తేదీ, సంఖ్య ఉన్న ఆదేశం ఉండాలి. "అయిపోయినట్లే, ఆర్డరు టైపవుతోంది" అన్న ఫోను మాట ఆదేశం కాదు.

5. దరఖాస్తు పంపండి

ఇది చిన్న పని. సారాంశంలో సంక్షిప్తాక్షరాలు విప్పి రాయండి. మనకు ఎన్‌ఏడీ అంటే నేవల్ ఆర్మమెంట్ డిపోతో పాటు కొత్తరోడ్డు జంక్షన్ కూడా గుర్తొస్తుంది, బోస్టన్‌లోనో సింగపూర్‌లోనో కూర్చున్నవారికి ఏదీ గుర్తురాదు. సిఫారసు లేఖను పెద్ద హోదా ఉన్నవారి కంటే మీ పనిని దగ్గరగా చూసినవారి చేత రాయించుకోవడం మేలు. మీరే ముసాయిదా రాసి సంతకానికి పెట్టే అలవాటు మన కార్యాలయాల్లో ఉంది. అలా చేస్తే మీ వ్యాసంలోని వాక్యాలే లేఖలోనూ కనిపించి ఇద్దరి పరువూ పోతుంది. వారికి మీరు చేసిన మూడు పనుల జాబితా మాత్రం ఇచ్చి, మిగతాది వారికే వదిలేయండి.

6. డబ్బు లెక్క చూసుకోండి

మన దేశంలో ఇలాంటి స్వల్పకాలిక కార్యక్రమాల ఫీజు మీద సాధారణంగా 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. కార్యాలయానికి ఇచ్చే ఖర్చుల పట్టికలో దాన్ని వదిలేస్తే, మంజూరైన మొత్తానికీ బిల్లుకూ మధ్య తేడాను మీరే కట్టుకోవాలి. రద్దు నిబంధనలు చదవండి. ప్రభుత్వ అనుమతి రాకపోతే ఫీజు తిరిగి ఇస్తారా అని ముందే అడిగితే కొన్ని సంస్థలు సీటును తర్వాతి బృందానికి మార్చడానికి ఒప్పుకుంటాయి. అమెరికా వీసా ఇంటర్వ్యూకు హైదరాబాదు వెళ్లవలసి ఉంటుంది కాబట్టి ఆ ప్రయాణాన్ని కూడా లెక్కలో వేయండి.

7. తరగతికి ముందు, తరగతిలో

చదవవలసిన కేసులు, అంటే నిజంగా జరిగిన సంక్షోభాల వివరణలు, ముందే పంపుతారు. వాటిని కథలా చదివేసి వెళ్లడం పొరపాటు. ప్రతి కేసుకూ మూడు వాక్యాలు రాసుకోండి: నిర్ణయం తీసుకోవలసింది ఎవరు, ఆ క్షణానికి వారికి తెలిసింది ఎంత, వారి స్థానంలో మీరైతే ఏం చేసేవారు. తర్వాత ఏం జరిగిందో తెలిసిన మనకు అప్పటివారి తప్పులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తరగతిలో ఆ తప్పులు ఎత్తిచూపేవారికి మార్కులు పడవు.

కార్యాలయ లాప్‌టాప్, పెన్‌డ్రైవ్, అధికారిక మెయిల్ తెరిచి ఉన్న ఫోను వెంట తీసుకెళ్లకండి. అక్కడ ఇచ్చే పెన్‌డ్రైవ్‌ను తిరిగి వచ్చాక కార్యాలయ కంప్యూటరుకు పెట్టకండి.

చర్చలు చాలాచోట్ల చాటమ్ హౌస్ నియమం కింద జరుగుతాయి. విన్న విషయాన్ని వాడుకోవచ్చు, అన్నవారెవరో, వారు ఏ సంస్థవారో బయట చెప్పకూడదన్నదే ఆ నియమం. ఇది మర్యాదకు సంబంధించిన ఏర్పాటే తప్ప చట్టం ఇచ్చే రక్షణ కాదు. "ఇక్కడ మాట్లాడింది బయటికి పోదు" అన్న ధైర్యంతో కార్యాలయ విషయాలు చెప్పిన అధికారికి అధికార రహస్యాల చట్టం నుంచి ఏ నియమమూ మినహాయింపు ఇవ్వదు. ఇరకాటపు ప్రశ్న ఎదురైతే "దీనిపై మా ప్రభుత్వం బహిరంగంగా చెప్పింది ఇది" అని మొదలుపెట్టండి. తప్పించుకున్నట్టు ఉండదు, జారినట్టూ ఉండదు. బృందం ఫోటోను సామాజిక మాధ్యమాల్లో పెట్టే ముందు అందులో ఉన్న ఇతర దేశాల అధికారుల గురించి కూడా ఆలోచించండి.

మనవాళ్లలో మరో బలహీనత కనిపిస్తుంది. హోదాలో పెద్దవారు మాట్లాడేదాకా చిన్నవారు నోరు విప్పరు. కార్యాలయంలో అది మర్యాద. సిండికేట్‌లో అది బృందానికి చేసే అన్యాయం అవుతుంది. మొదటి రోజే ఒక్క ప్రశ్నయినా అడగాలని నియమం పెట్టుకోండి.

రాతపనిగా సాధారణంగా పాలసీ మెమో, అంటే నిర్ణయం తీసుకునేవారికి సిఫారసు చేసే చిన్న నోట్, అడుగుతారు. చరిత్రతో మొదలుపెట్టకండి. మొదటి వాక్యంలోనే మీ సిఫారసు ఉండాలి. ఆ తర్వాత కారణాలు, ఖర్చు, ఎదురయ్యే వ్యతిరేకత, విఫలమైతే ప్రత్యామ్నాయం రావాలి. రెండు పేజీలు దాటితే చదివేవారు ఉండరు.

8. తిరిగి వచ్చాక ఫలితం సరిచూసుకోండి

మొదటి వారంలోనే రెండు పేజీల నివేదిక ఇవ్వండి. నెలలోగా, వెళ్లేముందు రాసిన అర పేజీ సమస్యా వివరణను బయటికి తీసి, దాన్ని మళ్లీ కొత్తగా రాయండి. రెండు రాతలూ పక్కపక్కన పెట్టినప్పుడు ప్రశ్నే మారిపోయి కనిపిస్తే కోర్సు పనిచేసింది. అదే ప్రశ్నకు ఇంకా పెద్ద మాటలు చేరి ఉంటే మీకు సర్టిఫికెట్టు మాత్రమే వచ్చింది. మూడు నెలల తర్వాత మరొకటి చూడండి: ఆ సమస్యతో సంబంధం ఉన్న ఇతర సంస్థల్లో, ఫోను చేస్తే ఎత్తే మనుషులు మీకు కొత్తగా ఎందరు ఏర్పడ్డారు? తరగతిలో పరిచయమైనవారు వేరే రాష్ట్రాల్లో, వేరే దేశాల్లో ఉంటారు. మన హార్బరులో పడవ తప్పిపోయిన రాత్రి వారు రారు. అందుకే ఇక్కడి మనుషులను లెక్కించమంటున్నాను.

సీటు రానివారికి

ఎంపిక కాకపోయినా, అనుమతి రాకపోయినా ఈ పద్ధతిని ఊళ్లోనే సాధన చేయవచ్చు. వేర్వేరు శాఖల్లో పనిచేసే ఎనిమిది మంది ఒక ఆదివారం ఉదయం నాలుగు గంటలు కేటాయిస్తే చాలు. విషయంగా 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను తీసుకోండి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి, అప్పట్లో నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగలోనే నడిచిన పౌర విమానాశ్రయం దెబ్బతింది. పౌర యంత్రాంగం, సైన్యం కలిసి నిర్ణయాలు చేయవలసి వచ్చిన సందర్భం ఇంతకంటే దగ్గరది మనకు దొరకదు. దాని గురించి కావలసినదంతా బహిరంగ నివేదికల్లో ఉంది.

ఒకరు నిర్వాహకుడు, మరొకరు రాసుకునేవారు. మిగిలినవారు కలెక్టరు, నౌకాదళ ప్రతినిధి, విద్యుత్ సంస్థ, పోర్టు, పోలీసు, ఆసుపత్రి పాత్రలు తీసుకోవాలి. ఎవరూ తమ నిజ జీవితపు పాత్ర తీసుకోకూడదన్నది ముఖ్యమైన షరతు. దీనివల్ల గోప్యత కాపాడుకున్నట్టూ ఉంటుంది, ఎదుటి శాఖ ఇబ్బంది తెలిసివచ్చినట్టూ ఉంటుంది. నిర్వాహకుడు అరగంటకొకసారి ఒక చీటీ ఇస్తాడు: రన్‌వే తెరవడానికి జనరేటరు కావాలి, అదే జనరేటరు ఆసుపత్రి అడుగుతోంది. పది నిమిషాల్లో నిర్ణయం, అది ఎవరి పేరు మీదో రాతలో ఉండాలి. చివరి గంటలో రాసుకున్న కాగితం చదివి, పేరు లేకుండా వదిలేసిన నిర్ణయాలను ఎర్ర సిరాతో చుట్టండి. తర్వాతి ఆదివారం వాటితో మొదలుపెట్టండి.